ఇల్లు వెతికే సైట్లకి మామూలు విండోనా, ఇన్‌కాగ్నిటోనా, వేరే ప్రొఫైలా, యాపా?

ఇల్లు వెతకడం మొదలుపెట్టిన ప్రతివాళ్లూ ఏ సైట్ బాగుంటుందని అడుగుతారు గానీ దాన్ని ఏ బ్రౌజర్‌లో ఎలా తెరవాలని ఒక్కరూ అడగరు. నేనూ అడగలేదు. లాగిన్ లేకుండా ఇన్‌కాగ్నిటోలో (మూసేస్తే ఏదీ గుర్తుంచుకోని ప్రైవేట్ విండో) కూర్చుని మూడు రాత్రులు లిస్టింగ్‌లు తిరగేసి, ల్యాప్‌టాప్ మూత వేసుకుంటూ తెరుచుకుంటూ పందొమ్మిది ఇళ్లకి హార్ట్ గుర్తు కొట్టుకుని, నాలుగో రోజు పొరపాటున విండో క్లోజ్ చేసేసి, మళ్లీ తెరిస్తే లిస్టులో ఒక్కటంటే ఒక్క ఇల్లు లేక తల పట్టుకున్నాక గానీ అసలు సంగతి బుర్రకెక్కలేదు.

ఇల్లు వెతకడం ఒక్క సాయంత్రంలో తేలే పని కాదు, అలాగని ఏళ్ల తరబడి సాగేదీ కాదు. కొన్ని వారాలు, కాదంటే కొన్ని నెలలు, తర్వాత ఆ సైట్ మొహం కూడా చూడం. అందుకే ఒక్క రాత్రికి పనికొచ్చే ఇన్‌కాగ్నిటో దీనికి చాలదు, మన బ్యాంకూ మెయిలూ ఆఫీసూ అన్నీ ఉండే మామూలు విండో ఎక్కువైపోతుంది. నా ఓటు వేరే ప్రొఫైల్‌కి, అంటే అదే బ్రౌజర్‌లో విడిగా పెట్టుకునే ఇంకో గది లాంటిది, అది ముందే చెప్పేస్తున్నా, ఎందుకో కింద చూడండి, మీకు వేరేది నప్పితే అదే పెట్టుకోండి.

ముందు మామూలు విండో సంగతి. సుఖం ఏంటంటే అన్నీ రెడీగా ఉంటాయి, పాస్‌వర్డ్ గుర్తుంటుంది, "మొన్నెప్పుడో చూశామే, బాల్కనీలో నీలం కుర్చీ ఉంది, ఆ ఇల్లు" అనుకుంటే హిస్టరీలో తవ్వితే దొరుకుతుంది. కష్టం కూడా అక్కడే. రెండ్రోజులు ఇళ్లు చూశారంటే మూడో రోజు వార్తలు చదువుతుంటే పక్కన ఇళ్ల యాడ్సే, వీడియో చూస్తుంటే ముందు ఇళ్ల యాడే. ఇంట్లో అందరూ వాడే కంప్యూటర్ అయితే ఇక చెప్పక్కర్లేదు, ఇంకా ఎవరికీ చెప్పని విషయం యాడ్లే చెప్పేస్తాయి.

కానీ యాడ్స్ కంటే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఆటోఫిల్. దీన్ని కొంచెం దగ్గర్నుంచి చూడాలి. లిస్టింగ్ కింద "ఓనర్‌ని కాంటాక్ట్ చేయండి" అని బటన్ ఉంటుంది కదా, నొక్కితే చిన్న ఫారం వస్తుంది, పేరు గడిలో మొదటి అక్షరం కొట్టగానే బ్రౌజర్ కింద ఒక వరస చూపిస్తుంది, అలవాటు కొద్దీ దాని మీద నొక్కుతాం, పేరుతో పాటు ఫోన్ నంబరు, మెయిలు, ఎప్పుడో ఆన్‌లైన్ ఆర్డర్ కోసం ఇచ్చిన అడ్రస్ కూడా టకటకా పడిపోతాయి. దాని కింద చిన్న అక్షరాల్లో ఒక టిక్ బాక్స్, ఇలాంటి వేరే ఇళ్ల గురించి కూడా నన్ను సంప్రదించవచ్చు అని, కొన్నిచోట్ల అది ముందే టిక్ కొట్టి ఉంటుంది. సబ్మిట్ కొట్టాక నాకు వచ్చిన మొదటి ఫోన్ ఆ ఇంటి ఓనర్‌ది కాదు. రెండోదీ కాదు. కుకీలు (సైట్లు మన బ్రౌజర్‌లో దాచే చిన్న గుర్తులు) డిలీట్ చేస్తే పోతుందిలే అనుకుంటాం గానీ, కుకీ మన దగ్గర ఉండేది, చెరిపేస్తే పోతుంది, ఫోన్ నంబరు ఒకసారి అవతలివాడి లిస్టులోకి ఎక్కాక మన బ్రౌజర్‌లో ఏం నొక్కినా అది దిగదు. అందుకే మీరు ఏ దారి ఎంచుకున్నా సరే సెట్టింగ్స్‌లో ఆటోఫిల్ దగ్గరికెళ్లి అడ్రస్‌లు సేవ్ చేసి నింపే ఆప్షన్ ఆపేయండి, కనీసం ఇళ్లు వెతికే చోట. నంబరు చేత్తో కొట్టాల్సి వస్తే కొట్టే ముందు ఒక్క క్షణం ఆలోచిస్తాం, ఆ క్షణం చాలు.

ఇప్పుడు ఇన్‌కాగ్నిటో. దీని మీద జనానికి ఉన్న నమ్మకం అంతా ఇంతా కాదు. ఇది ముఖ్యంగా చేసేది ఒక్కటే, ఇన్‌కాగ్నిటో విండోలన్నీ మూసేశాక ఆ హిస్టరీ, కుకీలు మీ కంప్యూటర్‌లో మిగలవు. విండోలన్నీ అన్నా, గమనించండి, ఒక విండో మూసి ఇంకోటి మినిమైజ్ చేసి ఉంచితే పాత కుకీలు అలాగే బతికి ఉంటాయి. సైట్ వాడికి మీ ఐపీ అడ్రస్ (నెట్‌లో మీ కనెక్షన్‌కి ఉండే నంబరు) కనిపిస్తూనే ఉంటుంది, లాగిన్ అయ్యారంటే మీరెవరో పేరుతో సహా తెలుస్తుంది. క్రోమ్ ఇన్‌కాగ్నిటో విషయంలోనే గూగుల్ మీద 2020లో అమెరికాలో కేసు పడింది, 2024లో సెటిల్‌మెంట్‌లో భాగంగా అలా పోగైన డేటా రికార్డులు తొలగించడానికి కంపెనీ ఒప్పుకుంది, ఇన్‌కాగ్నిటో తెరిచినప్పుడు వచ్చే ఆ హెచ్చరిక మాటలు కూడా మార్చారు. కాబట్టి దాన్ని అదృశ్య దుప్పటి అనుకోకండి.

ఇంకో అపోహ, ఒకే ఇల్లు పదిసార్లు చూస్తే సైట్ వాడు గమనించి రేటు పెంచేస్తాడని, అందుకే ఇన్‌కాగ్నిటోలో చూడాలని. లిస్టింగ్‌లో రేటు పెట్టేది ఓనరో ఏజెంటో, మీ కుకీ చూసి అది పెరగదు. మారేది వరస. మీరు ఏం చూశారన్నదాన్ని బట్టి, ఎవరు డబ్బు కట్టి పైకి తెచ్చుకున్నారన్నదాన్ని బట్టి ఏ ఇల్లు ముందు కనపడాలో మారొచ్చు. దానికి మందు ఇన్‌కాగ్నిటో కాదు, పైన సార్ట్ అని ఉంటుంది చూడండి, డిఫాల్ట్‌గా "రెలెవెన్స్" అనో "రికమెండెడ్" అనో ఉంటుంది, దాన్ని "కొత్తవి ముందు" కి మార్చండి. ఈ ఒక్క మార్పుతో రోజూ అవే పాత ఇళ్లు మొహాన పడటం తగ్గుతుంది.

మరి ఇన్‌కాగ్నిటో దేనికీ పనికిరాదా అంటే వస్తుంది. వేరేవాళ్ల కంప్యూటర్‌లో చూడాల్సి వచ్చినప్పుడు అదే వాడాలి, రెండో మాట లేదు. ఇంకోటి, సైట్ సరిగ్గా పనిచేయనప్పుడు టెస్ట్ చేయడానికి. క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లు (బ్రౌజర్‌కి మనం తగిలించుకునే చిన్న అదనపు ప్రోగ్రాములు) ఇన్‌కాగ్నిటోలో మామూలుగా పనిచేయవు, మనం ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప. కాబట్టి మామూలు విండోలో ఫొటోలు రాకుండా ఇన్‌కాగ్నిటోలో వస్తున్నాయంటే అనుమానం ఎక్స్‌టెన్షన్ల మీదికో పాత కుకీల మీదికో పోవాలి.

ఇక వేరే ప్రొఫైల్. క్రోమ్‌లో కుడివైపు పైన గుండ్రంగా మీ ఫొటో ఉంటుంది, నొక్కితే కొత్త ప్రొఫైల్ జోడించమని వస్తుంది, అకౌంట్ అడిగితే అకౌంట్ లేకుండానే కొనసాగించండి, సింక్ వద్దు. పేరు "ఇల్లు" అని పెట్టి, రంగు ఏదైనా కొట్టొచ్చినట్టు కనిపించేది ఎంచుకోండి (నాది నారింజ), ఏ విండోలో ఉన్నామో చూడగానే తెలియాలి. దీనికి కుకీలు వేరు, హిస్టరీ వేరు, బుక్‌మార్కులు వేరు, ఎక్స్‌టెన్షన్లు వేరు, ఆటోఫిల్ ఖాళీ. అంటే ఇన్‌కాగ్నిటోలా మన మామూలు బతుకుతో కలవదు, కానీ దానిలా తెల్లారేసరికి మర్చిపోదు. ఎడ్జ్‌లో కూడా దాదాపు ఇంతే. సఫారీలో ప్రొఫైల్స్ 2023లో ఐఓఎస్ 17తో, మ్యాక్‌లో సోనోమాతో వచ్చాయి. ఫైర్‌ఫాక్స్‌లో మల్టీ అకౌంట్ కంటైనర్స్ అని వాళ్ల ఎక్స్‌టెన్షనే ఒకటి ఉంది, ఒకే విండోలో రంగు ట్యాబ్‌లుగా విడిపోతాయి, కుకీలు కలవవు, కానీ హిస్టరీ మాత్రం అంతా ఒకే చోట ఉంటుంది, అది గుర్తుపెట్టుకోండి.

లోపం లేదా అంటే ఉంది. ప్రొఫైల్ అంటే తాళం కాదు, అదే కంప్యూటర్ వాడేవాళ్లు ఎవరైనా నొక్కి తెరవొచ్చు. ఐపీ కూడా అదే. ఆండ్రాయిడ్ ఫోన్‌లో క్రోమ్‌కి కంప్యూటర్‌లోలాగా విడి ప్రొఫైల్స్ లేవు, అక్కడ తేలికైన దారి ఇంకో బ్రౌజర్ ఇన్‌స్టాల్ చేసుకుని దాన్ని ఇళ్లకే కేటాయించడం, ఫైర్‌ఫాక్సో బ్రేవో ఏదైనా పర్లేదు.

యాప్ సంగతి క్లుప్తంగా. మ్యాప్ జరపడం యాప్‌లో హాయిగా ఉంటుంది, అలర్ట్ వెంటనే వస్తుంది, కొత్త ఇల్లు పడిన గంటలో పోయే చోట్ల అది నిజంగానే అక్కరకొస్తుంది. కానీ నాలుగు ఇళ్లు పక్కపక్కన ట్యాబుల్లో పెట్టుకుని వంటగది ఫొటో వంటగదితో, కొలత కొలతతో పోల్చుకోవడం యాప్‌లో నరకం, వెనక్కెళ్లు, స్క్రోల్ చెయ్, మళ్లీ లోపలికెళ్లు. పైగా యాడ్ బ్లాకర్ ఉండదు, పర్మిషన్లు ఎక్కువ అడుగుతుంది. ఐఫోన్‌లో అయితే 2021లో ఐఓఎస్ 14.5 నుంచి వేరే యాప్‌లలో మిమ్మల్ని ట్రాక్ చేయాలంటే యాప్ అడిగి తీరాలి, వద్దని నొక్కేయండి, ఆలోచించేదేం లేదు. నా లెక్క ప్రకారం వెతకడం, పోల్చడం ల్యాప్‌టాప్‌లో, చివరి దశలో తొందర ఉన్నప్పుడు మాత్రం యాప్, పనవగానే అన్‌ఇన్‌స్టాల్.

సరే ప్రొఫైల్ పెట్టుకున్నాక ఏది ఆన్ చేయాలి ఏది ఆఫ్ చేయాలి అనేది ఇంకో గొడవ. సైట్ తెరవగానే రెండు ప్రశ్నలు వరసగా పడతాయి, లొకేషన్ కావాలి, నోటిఫికేషన్లు పంపాలి. రెండింటికీ నేను బ్లాక్ అనే చెప్తా. లొకేషన్ ఎందుకు వద్దంటే ల్యాప్‌టాప్‌లో సాధారణంగా జీపీఎస్ ఉండదు, చుట్టూ ఉన్న వైఫైలని బట్టి, అది కుదరకపోతే ఐపీని బట్టి అంచనా వేస్తుంది, ఐపీ మీద ఆధారపడితే ఊరే మారిపోవచ్చు. సరిగ్గా కనిపెట్టినా లాభం లేదు, మనం వెతికేది వెళ్లబోయే చోట ఇల్లు, ఇప్పుడు కూర్చున్న చోట కాదు కదా. నేను ఆఫీసులో ఖాళీ టైంలో తెరిస్తే పాపం ఆఫీసు చుట్టుపక్కల ఇళ్లన్నీ చూపించేది, కొన్ని రోజులు అవే అలర్ట్‌లుగా కూడా వచ్చాయి, వారం పట్టింది ఎందుకో అర్థం కావడానికి. దానికి బదులు మ్యాప్ మీద వేలితో గీసుకునే ఆప్షన్ ఉంటే గీసుకోండి, లేదంటే ప్రాంతం పేరు టైప్ చేయండి. లొకేషన్ పనికొచ్చేది ఒక్క చోటే, ఇల్లు చూడటానికి ఆ వీధికి వెళ్లి నిలబడి ఈ చుట్టుపక్కల ఇంకేమున్నాయో చూద్దాం అనుకున్నప్పుడు. అప్పుడు ఫోన్‌లో "ఈసారికి మాత్రమే" అని ఇవ్వండి. ఐఓఎస్ 14 నుంచి, ఆండ్రాయిడ్ 12 నుంచి కచ్చితమైన లొకేషన్ కాకుండా ఉజ్జాయింపుది మాత్రమే ఇచ్చే వీలు కూడా ఉంది.

నోటిఫికేషన్లకి బదులు సేవ్డ్ సెర్చ్ (పెట్టిన ఫిల్టర్లని సైట్‌లోనే దాచుకోవడం) పెట్టుకుని రోజుకోసారి మెయిల్ వచ్చేలా పెట్టుకోండి. ఆ మెయిల్ కూడా మీ అసలు మెయిల్ కాకుండా దీనికోసమే తెరిచినదైతే ఇంకా మంచిది. ఐఫోన్‌లో వెబ్‌సైట్ నోటిఫికేషన్లు ఎందుకు రావట్లేదని కొందరు బుర్ర బద్దలుకొట్టుకుంటారు, ఐఓఎస్ 16.4 నుంచి వస్తాయి గానీ సైట్‌ని హోమ్ స్క్రీన్‌కి జోడించుకుంటేనే. పొరపాటున అలౌ కొట్టేసి ఉంటే క్రోమ్‌లో అడ్రస్‌కి ఎడమవైపు చిన్న గుర్తు ఉంటుంది, అంతకుముందు తాళం బొమ్మ ఉండేది, 2023లో మార్చి రెండు గీతల మీద చుక్కలున్న బొమ్మ పెట్టారు, అది నొక్కితే ఆ సైట్‌కి ఇచ్చిన పర్మిషన్లన్నీ అక్కడే కనిపిస్తాయి, అక్కడే తీసేయొచ్చు. తాళం బొమ్మ ఉంటే సైట్ నమ్మదగినదని అనుకునేవాళ్లు చాలామంది ఉండేవాళ్లు, అది కనెక్షన్ సంగతి మాత్రమే చెప్తుంది, దొంగ లిస్టింగ్ పెట్టినవాడి సైట్‌కి కూడా ఆ తాళం ఉంటుంది, ఆ బొమ్మ తీసేయడానికి అదీ ఒక కారణం.

కుకీల దగ్గర మాత్రం అన్నీ బ్లాక్ అనకండి. అన్నీ ఆపేస్తే లాగిన్ నిలవదు, రెండు బెడ్‌రూమ్‌లు అని పెట్టిన ఫిల్టర్ పేజీ మారగానే పోవచ్చు, కుకీలు ఒప్పుకుంటారా అని పేజీ పేజీకీ అడుగుతూనే ఉంటుంది ఎందుకంటే మీరు వద్దన్న సంగతి గుర్తుపెట్టుకోవడానికి కూడా దానికి ఒక కుకీ కావాలి మరి. ఆ సైట్ సొంత కుకీలు ఉండనివ్వండి, బయటివాళ్లవి, అదే థర్డ్ పార్టీ కుకీలు, ఆపేయండి. బ్రౌజర్ ఎంపిక ఇక్కడే తేలుతుంది. సఫారీ 2020 మార్చి నుంచి థర్డ్ పార్టీవి మొత్తం తనంతట తనే ఆపేస్తోంది. ఫైర్‌ఫాక్స్ 2022 నుంచి ప్రతి సైట్ కుకీలని దేని డబ్బాలో దాన్ని పెట్టి మూత వేస్తోంది. బ్రేవ్ కూడా డిఫాల్ట్‌గానే ఆపుతుంది. క్రోమ్ మాత్రం తీసేస్తాం తీసేస్తాం అని 2020లో మొదలుపెట్టి, ఏడాదికేడాది వాయిదా వేసి, 2024లో ఆ ప్లానే మానుకుంది. కాబట్టి క్రోమ్ వాడేవాళ్లు సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీలోకి వెళ్లి థర్డ్ పార్టీ కుకీలు మీ చేత్తోనే ఆపాలి. ఆపాక వీడియో టూర్ రాకపోవడం, చాట్ బాక్స్ ఖాళీగా ఉండటం లాంటివి జరిగితే కంగారు పడొద్దు, అడ్రస్ బార్‌లో కన్ను గుర్తు వస్తుంది, దాన్ని నొక్కి ఆ ఒక్క సైట్‌కి అనుమతించొచ్చు.

సఫారీ వాడేవాళ్లకి ఒక మాట. లాగిన్ లేకుండా హార్ట్ కొట్టుకున్న ఇళ్లు చాలా సైట్లలో బ్రౌజర్ లోపలే స్టోర్ అవుతాయి. సైట్ స్క్రిప్ట్ అలా దాచుకున్న డేటాని, మీరు బ్రౌజర్ వాడుతూ కూడా ఆ సైట్ వైపు 7 రోజులు పోకపోతే, సఫారీ చెరిపేస్తుంది. పండక్కో పెళ్లికో వెళ్లి, అక్కడ రోజూ సఫారీ వాడుతూనే ఈ సైట్ మాత్రం తెరవకుండా పది రోజులకి వచ్చి చూస్తే లిస్ట్ ఖాళీ. షార్ట్‌లిస్ట్ మీద ఆధారపడేవాళ్లు ఎక్కడైనా సరే లాగిన్ అయ్యే పెట్టుకోండి.

ఇంకా గట్టి దారి ఒకటుంది, సైట్‌ని అసలు నమ్ముకోకపోవడం. ఫిల్టర్లన్నీ పెట్టాక పైన అడ్రస్ బార్ చూడండి, చాలా సైట్లలో మీరు పెట్టిన గదులు, రేటు, విస్తీర్ణం అన్నీ ఆ లింక్‌లోనే రాసి ఉంటాయి. ఆ పేజీని బుక్‌మార్క్ చేసి పేరు మార్చుకుంటే లాగిన్ అక్కర్లేదు, కుకీ అక్కర్లేదు, నొక్కితే అదే సెర్చ్ తాజాగా వస్తుంది. నాకు అలాంటివి ఐదు ఉండేవి, పొద్దున కాఫీ తాగుతూ ఐదూ ఒకేసారి తెరిచేవాణ్ని. ఇంట్లోవాళ్లకి లింక్ పంపేటప్పుడు మాత్రం ప్రశ్న గుర్తు తర్వాత ఉండే పొడుగాటి తోకలో ట్రాకింగ్ సరుకు కూడా కలిసి ఉంటుంది, ఫైర్‌ఫాక్స్‌లో రైట్ క్లిక్ చేస్తే దాన్ని తీసేసి కాపీ చేసే ఆప్షన్ ఉంది, అది వాడండి.

యాడ్ బ్లాకర్ గురించి కూడా అడుగుతారు. క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్ల రూల్స్ మారాక యుబ్లాక్ ఆరిజిన్ అనే పాత యాడ్ బ్లాకర్ ఆగిపోయింది, దాని లైట్ వెర్షన్ దొరుకుతుంది, ఫైర్‌ఫాక్స్‌లో అసలుదే నడుస్తోంది. ఇళ్ల సైట్లలో ఇది ఒక్కోసారి ఫొటోలనో కాంటాక్ట్ బటన్‌నో కూడా యాడ్ అనుకుని మింగేస్తుంది. బటన్ లేదే అనిపిస్తే ముందు బ్లాకర్ ఆ సైట్‌కి ఆపి చూడండి. మ్యాప్ తెల్లగా వస్తే హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ (బొమ్మలు గీసే పని గ్రాఫిక్స్ చిప్‌కి అప్పగించే సెట్టింగ్) ఆఫ్‌లో ఉందేమో చూడండి. ఇరవై ట్యాబులు తెరిచి టీ తాగొచ్చేసరికి మ్యాప్ మళ్లీ మొదట్నుంచి లోడ్ అవుతుంటే అది వాడని ట్యాబుల్ని నిద్రపుచ్చే క్రోమ్ మెమరీ సేవర్ పని, సెట్టింగ్స్‌లో పెర్ఫార్మెన్స్‌లో ఎప్పుడూ యాక్టివ్‌గా ఉంచాల్సిన సైట్ల లిస్ట్‌లో దీన్ని చేర్చండి.

ఇంతకీ ఎవరికి ఏది? ల్యాప్‌టాప్ మీది ఒక్కరిదే అయితే వేరే ప్రొఫైల్, ఆలోచించకండి. ఇంట్లో అందరిదీ అయితే ప్రొఫైల్ కంటే కంప్యూటర్‌లో వేరే యూజర్ అకౌంటే పెట్టుకుని దానికి పాస్‌వర్డ్ పెట్టండి, అది నిజమైన తాళం. ఫోన్ తప్ప వేరే లేదంటే రెండో బ్రౌజర్. ఊరికే రేట్లు ఎలా ఉన్నాయో ఒక అరగంట చూద్దాం అనుకుంటే ఇన్‌కాగ్నిటో చాలు, కానీ దాంట్లో హార్ట్ గుర్తులు కొట్టకండి, చెప్పాగా.

ఇల్లు దొరికాక ప్రొఫైల్ డిలీట్ చేయడానికి తొందరపడకండి, వరస ఉంది. ముందు సేవ్డ్ సెర్చ్ అలర్ట్‌లు ఆపాలి, తర్వాత సైట్‌లో అకౌంట్ మూసేయాలి, యాప్ ఉంటే తీసేయాలి, ఆఖర్న ప్రొఫైల్. నేను ఉత్సాహంలో ముందు ప్రొఫైలే పీకేశా, దాంతో పాటే సేవ్ అయి ఉన్న లాగిన్ కూడా పోయింది. ఇప్పటికీ ప్రతి సోమవారం మీకు నచ్చే 12 కొత్త ఇళ్లు అని మెయిల్ వస్తుంది, అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కితే లాగిన్ అవమంటుంది, లాగిన్‌కి ఓటీపీ పాత నంబర్‌కి పంపిస్తుంది, ఆ సిమ్ వదిలేసి ఏడాది దాటింది.